మైకు లేని సెట్టు (క్వార్టర్ కబుర్లు – 17)



పోయిన ఆదివారం పోస్టు రాలేదేమని చాలామంది ఇన్‌బాక్స్‌లో అడిగారు. కుడిచేతి చూపుడువేలికి సోల్డరింగ్ ఐరన్ తగిలి బొబ్బ లేచింది. టైపు చేయడం కుదరలేదు. ఆ కారణం చెప్పగానే అందరిదీ ఒకటే మాట: "తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదానివి, నీకు సోల్డరింగ్‌తో ఏం పని?" ఈ వారం పోస్టంతా ఆ ప్రశ్నకు జవాబే. కాస్త పొడుగు. ఓపిక చేసుకుని చదవండి.

రెండు నెలల కింద గాజువాక ఆటోనగర్‌లో స్కూటీ రిపేరుకిచ్చి కూర్చున్నాను. పక్కనే తుక్కు దుకాణం. పాత మోటార్లు, తెగిన కేబుళ్లు, బ్యాటరీ డబ్బాల మధ్య ఒక నల్లటి పెట్టె కనిపించింది. కారు స్టీరియో అంత ఉంది. ముందువైపు ఒక నాబు, అంకెలు కనిపించే చిన్న కిటికీ, ముల్లు ఊగే మీటరు. మైకు తగిలించే గుండ్రటి సాకెట్ ఉంది. మైకు మాత్రం లేదు. "ఓడ సామానమ్మా, వైర్‌లెస్సు. పని చెయ్యదు. ఇనప రేటుకే ఇచ్చేత్తాను" అన్నాడు దుకాణం అతను. 300 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. ఎందుకు కొన్నానో ఆ నిమిషానికి నాకే తెలియదు.

ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి తెచ్చి బల్ల మీద పెడితే నాన్న చూసి నవ్వాడు. "ఏటమ్మా ఇది, పాత సామాన్లోళ్లకి అమ్మే సరుకు నువ్వు కొనుక్కొచ్చావేటి?"

పెట్టె వెనక ఉన్న అక్షరాలు పట్టుకుని వెతికితే తెలిసింది, అది 40 ఛానళ్ల సీబీ రేడియో అని. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. పౌరుల బ్యాండ్. ఆ పేరే నన్ను పట్టుకుంది. అమెరికాలో 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ముక్కను మామూలు జనానికి వదిలారు. మొదట 23 ఛానళ్లు, 1977 నుంచి 40. 1973 చమురు సంక్షోభం రోజుల్లో అక్కడి లారీ డ్రైవర్లు ఏ బంకులో డీజిల్ ఉందో, ఎక్కడ పోలీసులు కాపు కాశారో ఒకరికొకరు చెప్పుకున్నది ఈ సెట్ల మీదే.

మన దేశం కథ వేరు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరమంది. మాట్లాడటం దాకా ఎందుకు, ఆకాశవాణి వినాలన్నా 1980ల దాకా పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. మా తాత ఎప్పుడూ కట్టలేదు, ఎందుకంటే ఎప్పుడూ రేడియో కొనలేదు. ఊళ్లో పంచాయతీ రేడియో ఉండేది. అది ఎవరి అరుగు మీద ఉండేదో, తాత ఎంత దూరంలో నిలబడి వినేవాడో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

2005లో మాత్రం ప్రభుత్వం సీబీకి లైసెన్సు అక్కర్లేదంది. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా, 5 వాట్లకు మించకుండా. అంటే అమెరికా సెట్టులోని 40 ఛానళ్లలో మనకు 27 మాత్రమే. 28వ ఛానల్ 27.285 దగ్గర ఉంటుంది. 2 కిలోహెర్ట్జ్ తేడాతో గీత అవతల పడిపోయింది.

ఆ నిబంధనలో మూడు షరతులున్నాయి. నువ్వు ఎవరికీ అడ్డు రాకూడదు. నీకెవరైనా అడ్డొస్తే రక్షణ అడగకూడదు. బ్యాండు అందరిదీ, పంచుకుని వాడుకోవాలి. ఇది చదివి గట్టిగా నవ్వేశాను. మొదటి రెండు షరతుల మీదే కదా మా పేట ఊరి పక్కన అన్ని తరాలు బతికింది! మూడోది మాత్రం ఊరు ఎప్పుడూ మాకు వర్తింపజేయలేదు.

సరే, ఎందుకు కొన్నానన్న దానికి జవాబు ఆ రాత్రి పడుకున్నాక దొరికింది.

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. గంటకు 180 కిలోమీటర్ల గాలి విశాఖ మీద విరుచుకుపడిన ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచి అమ్మానాన్నల ఫోన్లు మూగబోయాయి. టవర్లు కూలాయి, కరెంటు పోయింది. మూడు రోజులు హాస్టల్ వరండాలో నిలబడి అదే నంబరు నొక్కుతూనే ఉన్నాను. నాలుగో రోజు నాన్న ఎవరి ఫోన్ నుంచో చేశాడు. "బాగున్నాం. చెట్లన్నీ పడిపోనాయి" అన్నాడు. రెండే మాటలు. ఆ తర్వాత తెలిసింది, ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో హామ్ రేడియో వాలంటీర్లు తమ సెట్లతో ఉత్తరాంధ్రకు వచ్చి సమాచారం చేరవేశారని. టవరు అక్కర్లేని మాట ఒకటి ఉందని నేను మొదటిసారి విన్నది అప్పుడే. 2004 డిసెంబర్ సునామీలో అండమాన్‌కు అన్ని దారులూ తెగిపోతే, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ అనే హామ్ తన సెట్టుతో బయటి ప్రపంచానికి కబురు అందించింది. ఒక ఆడమనిషి, ఒక సెట్టు, ఒక తీగ. ఆ సంగతి చదివి చాలాసేపు ఏమీ తోచలేదు నాకు.

2022 మే 24 కూడా గుర్తొచ్చింది. కోనసీమ జిల్లాకు బాబాసాహెబ్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. తర్వాత రోజుల తరబడి నెట్ ఆపేశారు. అక్కడి మన పిల్లలు వీడియో పంపలేరు, పోస్టు పెట్టలేరు. మన ఉద్యమం మొత్తం ఇప్పుడు ఈ నీలిరంగు తెర మీద నడుస్తోంది. ఎవరో ఒక బటన్ నొక్కితే మనం మూగవాళ్లం. ఈ పోస్టు మీరు చదువుతున్నది కూడా ఆ బటన్ ఇంకా నొక్కలేదు కాబట్టే.

ఇవన్నీ పెద్ద కారణాలు. చిన్న కారణం ఒకటుంది. అది చెప్పడమే నాకు కష్టం.

ఇంటర్‌లో నాది ఎంపీసీ. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో నలుగురికి ఒక బల్ల. మొదటిరోజే సార్ నా పుస్తకం చూసి, "చేతిరాత ముత్యాల్లా ఉంది. నువ్వు రీడింగులు రాయమ్మా, కనెక్షన్లు వాళ్లు ఇస్తారు" అన్నారు. పొగడ్త అనుకుని పొంగిపోయాను. రెండేళ్లు రాశాను. మీటర్ బ్రిడ్జి మీద జాకీ నేను జరపలేదు. ఒక్క వైరు చెక్కలేదు. పబ్లిక్ ప్రాక్టికల్స్ రోజు బల్ల ముందు ఒంటరిగా నిలబడితే బ్యాటరీ నుంచి వచ్చే వైరు ఎక్కడ బిగించాలో తెలియలేదు. చేతులు వణికాయి. ఎగ్జామినర్ జాలిపడి పాస్ మార్కులు వేశారు. ఆ మార్కులతో ఇంజనీరింగ్ మాట ఇంట్లో ఎత్తలేదు. బీఏలో చేరాను.

సార్ కావాలని చేశారని నేను అనను. స్కాలర్‌షిప్ ఫారాలు ఎవరెవరికి కావాలో క్లాసులో చేతులెత్తించి లెక్కపెట్టింది మాత్రం ఆయనే. మా బల్ల దగ్గర చెయ్యెత్తింది నేనొక్కదాన్నే, ఆడపిల్లను కూడా నేనొక్కదాన్నే. రాసే పని నా మీద ఎలా పడిందో మిగతా ముగ్గురూ ఎప్పుడూ ఆలోచించి ఉండరు. నేనూ ఆలోచించలేదు. ఇన్నేళ్లూ సభల్లో "నాకు భాష మీద ప్రేమ, అందుకే సాహిత్యంలోకి వచ్చాను" అని చెప్పుకుంటూ వచ్చాను. ప్రేమ అబద్ధం కాదు. కానీ ఆ తలుపు తెరుచుకోకముందు ఇంకో తలుపు మూసుకుందని చెప్పుకోలేదు.

నాన్న జీవితమంతా కోక్ ఓవెన్ల వేడిలో పనిచేశాడు. ఏ వాల్వు ఏ శబ్దం చేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, కానీ ఆ తెలివికి కాగితం లేదు. నా దగ్గర కాగితాలున్నాయి, పనిముట్టు పట్టిన చెయ్యి లేదు. 1936లో బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో కులం పనిచేసే మనుషుల మధ్యనే గోడలు కట్టిందని వివరించారు. ఆ గోడ మా ఇంట్లో నాన్న మంచానికీ నా పుస్తకాల బీరువాకీ మధ్య కూడా ఉంది. ఏటా క్లాసులో ఆ పుస్తకం గురించి చెప్తాను. గోడను తడిమి చూసుకున్నది మాత్రం 35 ఏళ్లకి.

పనిలోకి దిగుదాం. నాకు గురువు దొరికాడు. నా పాత విద్యార్థిని తమ్ముడు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాడు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి నిర్వాసిత కాలనీకి వచ్చిన కుటుంబం. తాత పేరు మీద ఆర్ కార్డు ఇంకా ఇంట్లో ప్లాస్టిక్ కవరులో ఉంది. కార్డు మీద రావాల్సిన ఉద్యోగం రాలేదు. కుర్రాడు 19 ఏళ్లవాడు, నాకు మీటరు పట్టుకోవడం నేర్పించాడు. "మేడమ్, భయపడకండి, 12 వోల్టులే. ముట్టుకున్నా ఏం కాదు" అన్నాడు. ఆ "ముట్టుకున్నా ఏం కాదు" అన్న మాట నా చెవికి వేరేలా వినిపించింది. వాడికి చెప్పలేదు.

మొదటిరోజు 12 వోల్టులు ఇచ్చాం. కిటికీలో ఎర్ర అంకెలు వెలిగాయి. స్పీకర్లో మాత్రం చడీచప్పుడు లేదు. నాబు తిప్పినా, వాల్యూమ్ పెంచినా ఉలుకు లేదు. దుకాణం అతను చెప్పింది నిజమే, చచ్చిన సెట్టు అనుకున్నాం. స్పీకర్ మార్చాం. రెండు ఆదివారాలు ఏ భాగం పోయిందో వెతికాం.

అసలు సంగతి మూడో వారం తేలింది. మైకు సాకెట్‌లో నాలుగు పిన్నులు. ఒకటి ఎర్త్. రెండోది గొంతు వెళ్లే దారి. మూడోదాన్ని ఎర్త్‌కి కలిపితే సెట్టు మాట పంపుతుంది. నాలుగోదాన్ని కలిపితే వినిపిస్తుంది. బటన్ నొక్కనప్పుడు ఆ నాలుగోదాన్ని ఎర్త్‌కి కలిపి ఉంచే పని మైకు లోపలి స్విచ్చుది. అంటే మైకు లేకపోతే ఈ రకం సెట్టు మాట్లాడకపోవడమే కాదు, వినను కూడా వినదు. సెట్టు చావలేదు. ఎవరో మైకు పీక్కుపోయారు, అంతే.

కుర్రాడు ఒక చిన్న వైరు ముక్క నా చేతికిచ్చి, "మీరే పెట్టండి మేడమ్" అన్నాడు. ఒకటో పిన్నుకీ నాలుగో పిన్నుకీ ఆనించాను. స్స్స్ అని గదంతా హోరు. సముద్రం పక్కన పుట్టి పెరిగినదాన్ని, అంత అందమైన హోరు ఎప్పుడూ వినలేదు. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది, కుక్కర్ పేలిందేమోనని.

ఇక మైకు తయారు చేయాలి. నా మొదటి "మోడిఫికేషన్" అదే. డాబాగార్డెన్స్‌లో నాలుగు పిన్నుల కనెక్టర్ దొరికింది. పాత ఇయర్‌ఫోన్ నుంచి పప్పుగింజంత మైకు తీశాం. దానికి బతకడానికి కొంచెం కరెంటు కావాలి కాబట్టి రెండు పెన్సిల్ సెల్లులు, ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. బటన్‌గా ఇంట్లో పడున్న కాలింగ్ బెల్ స్విచ్ పెడదామన్నది నా ఐడియా. వినే పిన్ను ఎలాగూ వైరుతో కలిపే ఉంది, మాట్లాడే పిన్నును బెల్ స్విచ్‌తో కలిపితే సరిపోతుంది కదా అని.

అక్కడే వేలు కాలింది. సోల్డర్ అంటే తీగను కరిగించి అంటించడం అనుకున్నాను. ముందు కలవాల్సిన రెండు లోహాలూ వేడెక్కాలి, అప్పుడు తీగ తనంతట తానే పారుతుంది. నేను ఐరన్ మీద తీగ కరిగించి చుక్కలు చుక్కలుగా పోశాను. ఒక్కటీ అతకలేదు. నాన్న వెనక నిలబడి చూస్తున్నాడు. "అలగ కాదమ్మా. ఇనువు సల్లగుంటే ఏదీ అంటదు. ముందు దాన్ని ఏడెక్కనియ్యి" అన్నాడు. ఆయన ఎప్పుడూ సర్క్యూట్ బోర్డు ముట్టలేదు. వెల్డింగ్ చూసిన కళ్లు అవి.

అన్నీ అతికాక బటన్ నొక్కాను. సెట్టు కెవ్వుమని కూత పెట్టింది. మైకులో పడిన శబ్దం స్పీకర్లోంచి వచ్చి మళ్లీ మైకులో పడి తిరుగుతోంది. తప్పు నాదే. మాట్లాడేటప్పుడు వినే దారి తెంచాలి. వినేటప్పుడు మాట్లాడే దారి తెంచాలి. అటో ఇటో ఒకవైపే కలిపే మూడు కాళ్ల స్విచ్ కావాలి. 20 రూపాయల మైక్రో స్విచ్‌తో కూత ఆగింది. సీబీలో రెండు పనులూ ఒకేసారి కుదరవు. వినాలంటే బటన్ మీద నుంచి వేలు తీయాలి. మన మీటింగుల్లో కూడా ఈ స్విచ్ పెడితే బాగుణ్ణు అనుకున్నాను.

తర్వాత రెండు వారాలు వినడమే. బాల్కనీ నుంచి 2 మీటర్ల 70 సెంటీమీటర్ల తీగ వేలాడదీశాం. ఈ బ్యాండులో అల పొడుగు 11 మీటర్లు, అందులో సుమారు పావు వంతు అది. పక్క సెక్టార్ నుంచి గానీ గాజువాక నుంచి గానీ ఒక్క గొంతూ లేదు. మన దగ్గర సీబీ వాడేవాళ్లు ఎక్కడున్నారు గనక? ఒక మధ్యాహ్నం మాత్రం హోరులోంచి ఒక మగ గొంతు తేలింది. ఏ భాషో తెలియదు. అర నిమిషం ఉండి మునిగిపోయింది. సూర్యుడి మీద మచ్చలు 11 ఏళ్లకోసారి ఎక్కువవుతాయి. అలాంటి ఏళ్లలో పగటిపూట ఆకాశం పై పొరలు ఈ అలల్ని అద్దంలా తిప్పి కొడతాయి, వేల కిలోమీటర్ల అవతలి మాట దిగుతుంది. 

నాకు వెంటనే జాషువా గుర్తొచ్చారు. 1941 నాటి 'గబ్బిలం'. కాళిదాసు యక్షుడికి మేఘం దూత. జాషువా కథానాయకుడికి గుడిలోకి ప్రవేశం లేదు, అందుకని శివుడికి కబురు గబ్బిలంతో పంపాడు. గుడిలో వేలాడే గబ్బిలాన్ని ఎవరూ కులం అడగరు కాబట్టి. ఇన్నేళ్లు ఆ కావ్యాన్ని వేదన గురించి పాఠంగా చెప్పాను. ఈసారి క్లాసులో వేరే ప్రశ్న వేస్తాను: కబురు పంపే దారులన్నీ మూసేసినప్పుడు మన మనిషి ఏ దారి వెతికాడు? అది ఏడుపు ఒక్కటే కాదు, ఇంజనీరింగ్ కూడా.

ఇక అసలు తప్పు. ఈ పోస్టు రాయడానికి కారణం ఇదే.

నెట్‌లో సీబీ మార్పుల వీడియోలు చూస్తే కొత్తవాళ్లకి అందరూ చెప్పే మొదటి చిట్కా ఒకటుంది. సెట్టులో లిమిటర్ అనే చిన్న భాగం ఉంటుంది. మన గొంతు ఒక హద్దు దాటకుండా అది పట్టి ఉంచుతుంది. దాని ట్రాన్సిస్టర్ కాలు ఒకటి కత్తిరిస్తే గొంతు రెట్టింపు వినిపిస్తుందట. ఇంకేం కావాలి! లిమిటర్. హద్దు పెట్టేది. దళిత సాహిత్యం మీద డాక్టరేట్ చేసినదాన్ని, ఆ పేరు వినగానే నాకు పూనకం వచ్చింది. కుర్రాడు రాకముందే కటింగ్ ప్లేయర్ తీసుకుని కాలు తెంపేశాను.

వాడు వచ్చి తల పట్టుకున్నాడు. "గాలిలోకి మాత్రం పంపకండి మేడమ్" అని తీగ పీకేసి, దాని బదులు రెండు 100 ఓమ్ కార్బన్ రెసిస్టర్లు పక్కపక్కన కలిపి పెట్టాడు. 50 ఓమ్స్ అవుతుంది. సెట్టు దాన్నే యాంటెన్నా అనుకుంటుంది, శక్తి వేడిగా మారి అక్కడే పోతుంది. తర్వాత తన ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ లాంటి రిసీవర్ తగిలించాడు. గదిలో కారే కాస్త సిగ్నల్ కూడా తెర మీద రంగుల పట్టీలా కనిపిస్తుంది. "ఇప్పుడు మాట్లాడండి."

19వ ఛానల్ పెట్టి "జై భీమ్" అన్నాను.

తెర మీద సన్నటి గీత రెండు పక్కలా బురద చిమ్మినట్టు పాకింది. 18 నిండింది, 20 నిండింది, వాటి పక్కవీ మరకలయ్యాయి. ఛానల్‌కీ ఛానల్‌కీ మధ్య చాలాచోట్ల 10 కిలోహెర్ట్జే దూరం. ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. గొంతు పెద్దదైంది నిజమే, కానీ పగిలిపోయింది. నా నినాదం నాకే అర్థం కాలేదు.

వాడు కాగితం మీద గీసి చెప్పాడు. ముందు ఒక అల సమంగా నడుస్తుంది, దాన్ని క్యారియర్ అంటారు. మన గొంతు దాని ఎత్తును పెంచి తగ్గిస్తుంది. నూటికి నూరు శాతం దాకా ఫరవాలేదు. అది దాటితే అల సున్నాకి పడి తెగిపోతుంది. తెగిన అంచుల నుంచి పుట్టే చెత్తే పక్క ఛానళ్ల మీద పడుతుంది. "లిమిటర్ ఉన్నది మీ నోరు నొక్కడానికి కాదు మేడమ్, పక్కోళ్ల కోసం."

చాలాసేపు మాట్లాడలేకపోయాను. పేరు చూసి నేను అర్థం తీశాను, పని చూడలేదు. సాహిత్యం వాళ్లకి ఉండే జబ్బు ఇది. ఉద్యమంలో కూడా ఈ పని చేశానేమో అనిపించింది. వేదిక మీద నేను గొంతు చించుకుని 40 నిమిషాలు మాట్లాడిన సాయంత్రాలున్నాయి. ఆఖర్న టైమ్ లేదని రెండు నిమిషాలకే దించేసిన మాదిగ డప్పు కళాకారిణి ఉంది. రెల్లి కాలనీ నుంచి వచ్చి మాట్లాడకుండానే వెళ్లిపోయిన పారిశుద్ధ్య కార్మికురాలు ఉంది. వాళ్లది పక్క ఛానల్. నా చప్పుడులో అది నిండిపోయింది. అణచివేత మీద కోపం నిజమైనదే, కానీ నా గొంతు ఎవరి మీద పడుతోందో చూసుకోవాల్సిన బాధ్యత ఆ కోపంతో తీరిపోదు.

తెగిన కాలును మళ్లీ అతికించాను. ఈసారి ముందు లోహాన్ని వేడెక్కనిచ్చాను. చక్కగా పట్టుకుంది. తెర మీద గీత మళ్లీ సన్నబడింది.

"మరి దూరం వెళ్లాలంటే ఏం చేయాలి? పవర్ పెంచాలా?" అని అడిగాను. వాడు చెప్పిన లెక్క మీరందరూ రాసుకోండి. పవర్ 4 రెట్లు పెంచితే అవతలి వాళ్ల మీటరు మీద ముల్లు ఒక్క గీత జరుగుతుంది. 5 వాట్లను 20 చేస్తే ఒక్క గీత, పైగా చట్టవిరుద్ధం. అదే యాంటెన్నా ఎత్తు పెంచితే? చదునైన నేల మీద, లెక్క ప్రకారం, 4 మీటర్ల ఎత్తున ఉంటే అల సూటిగా 8 కిలోమీటర్లు చూస్తుంది. 16 మీటర్ల మీద ఉంటే 16 కిలోమీటర్లు. అదే సెట్టు, అవే 5 వాట్లు.

నాన్న అందుకున్నాడు. "మా కాడ కూడా అంతేనమ్మా. చుట్టూ ఇనువే కదా, కింద వాకీటాకీ పలకదు. మెట్లెక్కి పైకెల్లి మాటాడాల. సెట్టుది కాదు, నిలబడ్డ సోటుది." మన డాల్ఫిన్ నోస్ దీపస్తంభాన్ని కొండ మీద ఎందుకు కట్టారో ఆలోచించండి.

మిత్రులారా, చట్టం అందరికీ 5 వాట్లే ఇచ్చింది. కాగితం మీద అంతకు మించిన సమానత్వం లేదు. కానీ ఒకడి తీగ తాత కట్టించిన నాలుగంతస్తుల మేడ మీద ఉంటుంది, ఇంకొకడిది గుడిసె చూరుకి వేలాడుతుంది. మేడ మీదవాడి మాట ఊరు దాటగానే "నా గొంతులో దమ్ముంది" అంటాడు. దానికే మెరిట్ అని పేరు పెట్టారు. రిజర్వేషన్ అంటే మనకు ఎక్కువ వాట్లు ఇవ్వడం అనుకుంటారు వాళ్లు. కాదు. మన తీగకి ఒక గెడకర్ర ఇవ్వడం. రేపు ఎవరైనా క్యాంటీన్‌లో మీతో వాదనకి దిగితే ఈ లెక్క చెప్పండి, 4 మీటర్లు, 16 మీటర్లు అని అంకెలతో సహా.

నా సెట్టు నుంచి గాలిలోకి ఒక్క మాట కూడా పంపలేదు, పంపను. అది ఇక్కడి ఆమోదం పొందిన సెట్టు కాదు, పైగా నేను దాన్ని కోసి అతికించాను. వినడానికీ నేర్చుకోవడానికీ ఉంచుకుంటాను. మాట్లాడటానికి హామ్ లైసెన్సు పరీక్ష రాస్తాను. 12 ఏళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు, ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, నిబంధనలు వస్తే చాలు. పాసైతే వీయూ3తో మొదలయ్యే ఒక పిలుపు పేరు ఇస్తారు. గాలిలో అదే మన పేరు. అందులో ఇంటిపేరు ఉండదు.

నాన్న వచ్చే ఏడాది రిటైరవుతాడు. క్వార్టర్ ఖాళీ చేయాలి. ఈలోపు ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కూర్చుందాం అనుకుంటున్నాం, ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ చదివే మన ఆడపిల్లల కోసం. రెండు సోల్డరింగ్ ఐరన్లు, ఒక మీటరు, తుక్కు దుకాణంలో కొన్న బోర్డులు ఉన్నాయి. కుర్రాడు నేర్పిస్తాడు, నాన్న వెనక నిలబడి తప్పులు పడతాడు, అమ్మ టీ పెడుతుంది. రావాలనుకునేవాళ్లు ఇన్‌బాక్స్ చేయండి.

ఒక్క నియమం పెట్టాను. చేతిరాత ఎంత బాగున్నా సరే, రీడింగులు రాసేవాళ్లు ప్రతి వారం మారాలి.

జై భీమ్.